ఆటబండి – ప్రయోగవిద్య

ఆటవస్తువులను చిన్నచూపు చూడటం పెద్దలకు అలవాటు. గాలిపటం, బొంగరం చదువుకు ఆటంకాలని తలచే ఇళ్ళలో రేడియో తరంగాలతో నడిచే బండికి గౌరవం దక్కుతుందని ఆశించలేము. అయితే ఎగుడుదిగుడు నేలమీద పరుగెత్తే ఆ చిన్న బండిని నేలకు తగినట్లు సరిచేసుకోవటంలో, మన ప్రయోగశాలలలో కొరవడుతున్న ఒక విద్య ఉన్నదని మా అభిప్రాయం. మేము బోధించేది తెలుగే అయినా, విషయం చదువు తీరుకు సంబంధించినది గనుక ప్రస్తావించ సాహసిస్తున్నాము.

జపానులోని టమియా సంస్థ 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే బండ్లను విడుదల చేసింది. 1984లో అదే సంస్థనుండి గ్రాస్‌హాపర్, హార్నెట్ అనేవి వచ్చాయి. చూపునకు ఈ రెండూ తోబుట్టువులే. కాని గ్రాస్‌హాపర్‌కు స్ప్రింగులే ఆధారం. హార్నెట్ వెనుక భాగానికి నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు అమర్చారు. అదే సంవత్సరం అమెరికాలో అసోసియేటెడ్ సంస్థ తెచ్చిన ఆర్‌సీ10 బండికి నాలుగు చక్రాలకూ అటువంటి షాకులు ఉన్నాయి.

ఆ నూనె చేసే పని ఏమిటి? చక్రం మిట్టనెక్కినప్పుడు స్ప్రింగు ఒత్తుకొని శక్తిని దాచుకొంటుంది. మరుక్షణమే దానిని తిరిగి ఇచ్చివేస్తుంది. దానికి అడ్డు లేకపోతే బండి పేరుకు తగినట్లు మిడతవలె ఎగురుతూనే ఉంటుంది. చక్రం నేలను విడిచినంతసేపు బండిని ముందుకు నెట్టలేదు, మలుపూ తిప్పలేదు. షాకులోని పిస్టన్‌కు ఉన్న సన్నని రంధ్రాలగుండా నూనె ఇరుకుగా ప్రవహించి, ఆ ఊగులాటను వేడిగా మార్చి అణచివేస్తుంది. మన డిగ్రీ విద్యార్థులు అవరుద్ధ డోలనాలనే పేరుతో వల్లెవేసే పాఠం ఇదే.

ఇక బండిని సరిచేసే క్రమం చూద్దాము. ముందుగా షాకులలో నూనె నింపి, పిస్టన్‌ను మెల్లగా ఆడించి, గాలి బుడగలు పైకి తేలిపోయేదాకా ఓపిక పట్టాలి. కుడి ఎడమ షాకుల పొడవు సమంగా ఉండాలి. బ్యాటరీతో సహా బండిని జానెడెత్తు లేపి బల్లమీద వదలి, అది ఎంత ఎత్తున నిలిచిందో, నిలిచేముందు ఎన్నిసార్లు ఊగిందో గమనించాలి. నూనె మరీ చిక్కనైతే చక్రం చిన్న గతుకులను అనుసరించలేక వాటిమీద చిందులు వేస్తుంది. మరీ పలుచనైతే గెంతి దిగినప్పుడు బండి అడుగు నేలకు తగులుతుంది. ముందు స్ప్రింగు గట్టిదైతే సాధారణంగా ముందుచక్రాల పట్టు తగ్గి బండి మలుపులో బయటికి జారుతుంది. మెత్తనిదైతే త్వరగా తిరుగుతుంది గాని వెనుక భాగం అదుపు తప్పవచ్చు. పైగా ఎండకు నూనె పలుచబడుతుంది. ఉదయం కుదిరిన అమరిక మధ్యాహ్నానికి కుదరకపోవచ్చు.

కాబట్టి అన్ని నేలలకూ సరిపడే అమరిక ఒకటి లేదు. అనుభవజ్ఞులు పాటించే నియమం మాత్రం ఒకటున్నది. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. ఫలితాన్ని అప్పటికప్పుడు వ్రాసుకోవాలి. మేలు కలుగకపోతే మొదటి అమరికకు మరలాలి. నూనె, స్ప్రింగు ఒకేసారి మార్చినవానికి బండి బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలియదు. పోటీలలో గెలిచినవారి అమరికల పట్టికలు అచ్చులో దొరుకుతాయి. ప్రారంభానికి అవి ఉపయోగమే. కాని వారి నేల వేరు, టైర్లు వేరు, చేయి వేరు. ఆ పట్టికను ఉన్నదున్నట్లు దించుకొన్నవాని బండి రెండవ మలుపులోనే బోల్తా పడవచ్చు.

మన రికార్డు పుస్తకాల సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆముదంలో ఉక్కుగుండ్లను జారవిడిచి స్నిగ్ధతను కొలిచే ప్రయోగం ఎంతో చక్కనిది. కాని అనేకచోట్ల గుండు ఆముదంలో పడకముందే జవాబు రికార్డులో పడుతున్నది. నిరుటి విద్యార్థి పుస్తకం ఈ ఏటివానికి ఆధారం. తప్పిన కొలతకు మార్కులు లేవు గనుక దానిని దాచటమే తెలివి అవుతున్నది. ఎందుకు తప్పిందని ఆలోచించే అవకాశం అక్కడే చేజారిపోతున్నది.

ఇది కలవారి పిల్లల ఆట కదా అని కొందరనవచ్చు. కాదనము. ఇంటింటికీ బండి కొనమని మేము కోరటం లేదు. భౌతికశాస్త్ర శాఖకు ఒక్కటి చాలు. అదీ సాధ్యం కాకుంటే ఒక స్ప్రింగు, ఒక బరువు, గ్లాసెడు ఆముదంతోనైనా ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. మన వంటి కళాశాలలకు ఇందులో మరొక ప్రయోజనమూ ఉన్నది. మన విద్యార్థులలో తండ్రితోనో అన్నతోనో మోటారు షెడ్డులో పనిచేసి వచ్చేవారున్నారు. మోటారుసైకిలు హాండిలును ఒక్కసారి అదిమి వదలి, ఫోర్కులో నూనె తగ్గిందని చెప్పగల నేర్పు వారి చేతులలో ఉన్నది. తరగతిలో ఆ నేర్పుకు చోటు లేదు. అడిగేవారు లేక ఆ బాలుడు వెనుక బెంచీలో మౌనంగా కూర్చుని, తనకు వచ్చినది చదువు కాదని నమ్ముతున్నాడు. ప్రయోగశాల బల్లమీద ఇటువంటి బండి ఉన్ననాడు ముందుగా నోరు విప్పేది అతడే. తన చేతికి తెలిసిన దానికి శాస్త్రంలో ఉన్న పేరు అతనికి తెలియజెప్పటం మన పని.

అందుచేత మా సూచన ఇది. కళాశాల స్థాయిలో జరిపే పరీక్షలలోనైనా సరియైన జవాబుకే గాక, నిజాయితీగా వ్రాసిన విఫల యత్నాలకూ మార్కులు కేటాయించాలి. ఏమి మార్చావు, ఎందుకు మార్చావు, ఏమి జరిగింది అని పరీక్షకుడు అడగాలి. విద్యార్థి మిత్రులు కూడ పొరుగువాని పుస్తకాన్ని పక్కన పెట్టి, తమ కొలతను, అది తప్పినదైనా సరే, తమ చేతితోనే వ్రాసుకోవటం అలవరచుకోవాలి. అధ్యాపక మిత్రులు ఈ విషయమై ఆలోచించగలరని ఆశిస్తున్నాము.