అది బయటపడకుండా ప్రార్థన చెయ్యండి, అయ్యగారూ



ప్రార్థన మనవుల్లో ఈ మధ్య ఒక రకం ఎక్కువగా వస్తోంది. ఉద్యోగం రావాలని, బదిలీ కావాలని, నొప్పి తగ్గాలని అడిగేవి ఎప్పుడూ ఉన్నవే. ఇది వేరు. "పనిలో ఒక పొరపాటు జరిగింది అయ్యగారూ, అది బయటపడకుండా ప్రార్థన చెయ్యండి." ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే తమ్ముడు అడిగాడు. గల్ఫులో బండి తోలే అన్న అడిగాడు. కంప్యూటరు ఉద్యోగాలు చేసే పిల్లలూ అడిగారు. దేవుని పేరు పెట్టి తప్పును దాచిపెట్టమని అడుగుతున్నామని వారికి తోచడం లేదు. మాకు కూడా చాలాకాలం తోచలేదు. అడిగిన ప్రతివారి కోసం కళ్ళు మూసుకుని ప్రార్థించేశాము.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి, పదకొండు దాటాక, పట్నంలో నర్సుగా పనిచేస్తున్న మన బిడ్డ ఒకామె ఫోను చేసింది. (ఆమె సరేనన్నాకే రాస్తున్నాము.) ఒక రోగికి ఇవ్వవలసిన ఇన్సులినును పక్క మంచం ఆయనకు ఇచ్చిందట. ఇచ్చి పావుగంట అయింది. ఆయన నిద్రపోతున్నాడు. పై నర్సు "ఏమీ కాదులే, నోరు మూసుకో" అన్నదట. ఆయనకేమీ కాకూడదని, ఎవరికీ తెలియకూడదని ప్రార్థన చెయ్యమని ఏడుస్తోంది.

మాకు వైద్యం రాదు. కానీ షుగరు లేని మనిషికి షుగరు మందు పడితే ఏమవుతుందో పల్లెటూళ్ళో ఉన్నవారికీ తెలుసు. "అమ్మా, ముందు ఫోను పెట్టేసి డాక్టరుకు చెప్పు. నువ్వు చెప్పి వచ్చాకే మేము మోకరిస్తాము" అన్నాము. కొంచెం కఠినంగానే అన్నాము. ముప్పావు గంటకు మళ్ళీ చేసింది. పరీక్ష చేస్తే అప్పటికే షుగరు పడిపోతోందట. గ్లూకోజు ఎక్కించి, తెల్లవారేదాకా మాటిమాటికీ చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన మూడో రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

ఆ రాత్రి ఆమెకు అంత గట్టిగా చెప్పిన మేము ఎలాంటివారమో కూడా మీకు తెలియాలి. మన మందిరానికి వచ్చేవారు ఇది ఒకసారి విన్నారు. దూరాన ఉన్నవారు వినలేదు.

మన సంఘంలో ఒక సహోదరి భర్త కరెంటు షాకుతో చనిపోయాడు. బీమా డబ్బు కోసం పెళ్ళి సర్టిఫికెట్టు అడిగారు. ఇంట్లోది ఎప్పుడో వానకు తడిసి పాడైపోయింది. సంఘపు పెళ్ళిళ్ళ రిజిస్టరు చూసి నకలు ఇవ్వమని ఆమె మా దగ్గరికి వచ్చింది. శనివారం సాయంత్రం, కూడికకు వేళ అవుతోంది. నిలబడే రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చేశాము. రిజిస్టరులో 2006 అని ఉంది. మేము 2009 అని రాశాము.

వాళ్ళ పెద్దబ్బాయి పుట్టింది 2007లో.

ఆఫీసులో గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వరుసలో ఉన్న నలుగురూ వినేటట్టు, "పెళ్ళికి ముందే పుట్టాడా వీడు?" అని అడిగాడట. ఆ అబ్బాయి తల్లి పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆమె మూడుసార్లు తిరిగి, ఆ కాగితం తెచ్చి మాకు చూపించింది. రిజిస్టరు తీసి చూడగానే తప్పు మాదేనని తెలిసిపోయింది. అప్పుడు ఏమన్నామో తెలుసా? "పాత పాస్టరుగారి చేతిరాత సరిగా లేదమ్మా, అందుకే ఇలా జరిగిపోయింది. ఆఫీసువాళ్ళు కూడా కావాలనే తిప్పుతారు. ప్రార్థన చేద్దాం" అన్నాము. నిజానికి ఆ పెద్దాయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆయన ప్రభువునందు నిద్రించి చాలాకాలమైంది గనుక వచ్చి కాదనలేడు.

సరైన నకలు ఇవ్వాలంటే దానితోపాటు "మా వలన తప్పు జరిగినది" అని ఒక ఉత్తరం మీద సంతకం చేయాలి. అది చేయలేక, "సంవత్సరము విషయములో కొంత అస్పష్టత కలదు" అని ఒక కాగితం రాసి ఇచ్చాము. సెమినరీలో మూడేళ్ళు చదివిన చదువు ఆ వాక్యానికి పనికివచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె ఇంకా ఆరుసార్లు తిరిగింది. అది మిరపకాయల కోతల కాలం. తిరిగిన రోజల్లా కూలి పోయినట్టే.

నిర్గమకాండము 32వ అధ్యాయం మీద కూడికకు సిద్ధపడుతూ ఉండగా మేము పట్టుబడ్డాము. మోషే కొండ దిగివచ్చి నిలదీసినప్పుడు అహరోను ఏమని జవాబు చెప్పాడో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రజలు బంగారం ఇచ్చారట, తాను అగ్నిలో వేశాడట, ఈ దూడ బయటికి వచ్చిందట. అదే అధ్యాయం మొదట్లో ఆయన తన చేతులతో పనిముట్టు పట్టి దానిని మలిచాడని స్పష్టంగా ఉంది. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. ఆ రాత్రి మాత్రం మన రిజిస్టరు గుర్తొచ్చి, పుస్తకం మూసేశాము.

మన తెలుగులో ఆ దూడ రోజూ బయటికి వస్తూనే ఉంటుంది. గ్లాసు పగిలిపోయింది. ఫైలు కనపడకుండా పోయింది. లెక్కలో తేడా వచ్చింది. మోటారు కాలిపోయింది. ఎవరూ ఏమీ చేయలేదు, అన్నీ వాటంతట అవే అయిపోయాయి. "పగలగొట్టాను" అని ఒప్పుకున్న పిల్లవాడికి మన ఇళ్ళలో దెబ్బలు పడతాయి. "పగిలిపోయింది" అన్నవాడు తప్పించుకుంటాడు. ఆ పిల్లలే పెద్దవారై ఉద్యోగాల్లో చేరుతున్నారు.

మరుసటి సోమవారం ఆమెతో కలిసి మేమే ఆ ఆఫీసుకు వెళ్ళాము. అదే గుమాస్తా, అదే వరుస. "ఈవిడ పెళ్ళి 2006లో జరిగింది. 2009 అని తప్పు రాసినవాళ్ళం మేము. ఇదిగో రిజిస్టరు" అని నలుగురూ వినేటట్టే చెప్పాము. చెవిలో చెబితే ఆమె పరువు తిరిగి రాదు కదా, నలుగురిలో పోయింది మరి. ఆయన కాసేపు మా ముఖం చూసి కుర్చీ లాగి ఇచ్చాడు. అలాగని పని ఆ రోజే అయిపోలేదు, మరో రెండు వారాలు పట్టింది.

ఆదివారం సంఘంలో కూడా చెబుతామంటే ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి వద్దన్నారు. "అయ్యగారి మాటకు విలువ పోతుంది" అన్నారు. ఆయన మా మేలుకోరే అన్నారు. అయినా చెప్పాము.

తప్పు ఒప్పుకోవడంతోపాటు నష్టం పూర్తిగా కట్టి, దానిపైన అయిదో వంతు కలిపి ఇవ్వాలని లేవీయకాండము 6లోను, సంఖ్యాకాండము 5లోను ధర్మశాస్త్రం చెబుతుంది. లెక్క వేశాము. మొత్తం తొమ్మిది రోజుల కూలి, రోజుకు 300 చొప్పున 2700. అయిదో వంతు 540. మొత్తం 3240 రూపాయలు. ఆమె మొదట వద్దన్నది. మా ఇంటావిడ బతిమాలితే తీసుకుని, లెక్కపెట్టుకుని, కొంగున ముడివేసుకుని, "మూడోసారి వచ్చినప్పుడే చెప్పి ఉండవలసింది అయ్యగారూ" అన్నది. అంతే అన్నది.

ఇక ఆ నర్సు సంగతి మిగిలింది. రోగి బతికి ఇంటికి వెళ్ళాక ఆసుపత్రి వారు ఆమెకు మెమో ఇచ్చి, నెలరోజులు వరుసగా రాత్రి డ్యూటీ వేశారు. నోరు మూసుకోమన్న పై నర్సుకు ఏమీ కాలేదు. ఆ వార్డులో మిగతా పిల్లలు దీన్నుండి ఏమి నేర్చుకుని ఉంటారు? దాచినవారిని తిట్టే ప్రసంగాలు మేమూ చాలా చేశాము. ఇప్పుడు మా అభిప్రాయం మారింది. దాచేవారి పాపంలో సగం, చెప్పినవారిని శిక్షించే పెద్దలదే.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎస్‌ఎల్‌వి-3 మొదటి రాకెట్టు కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాంగారు. ఆపమని కంప్యూటరు చూపిస్తున్నా ముందుకు వెళ్ళమన్న నిర్ణయం తనదేనని ఆయనే తరువాత సభల్లో చెప్పుకున్నారు. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నది మాత్రం ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్‌గారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు ఆయన వెనక ఉండి కలాంగారిని విలేకరుల ముందుకు పంపారు. కలాంగారి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. మాకైతే ఆ పెద్దాయన గురించి చెప్పాలనిపిస్తుంది.

అమెరికాలో నాసా 1976 నుండి ఒక ఏర్పాటు నడుపుతోంది. విమానం నడిపేవారు తమ పొరపాటును తామే రాసి పంపుతారు. పేర్లు తీసేసి అందులోని పాఠాన్ని అందరికీ పంచుతారు. కావాలని చేసినది, నేరం, ప్రమాదం కాకపోతే, పది రోజుల లోపల రాసి పంపినవారికి సాధారణంగా జరిమానా పడదు. విమానాలు నడిపేవారికి ఉన్నపాటి ఓర్పు సంఘానికి ఉందా?

మన సంఘం మాట కూడా చెప్పేస్తాము. కొన్నేళ్ళ క్రితం కానుకల లెక్క చూసే సహోదరుడు తానే వచ్చి, "అయిదు వందలు తగ్గింది అయ్యగారూ, ఎక్కడో నేనే తప్పు చేశాను" అన్నాడు. మేము అందరి ముందు అతన్ని మందలించి లెక్కల పుస్తకం మరొకరికి ఇచ్చాము. అప్పటి నుండి ఒక్క రూపాయి కూడా తేడా రాలేదు. అంత బాగా సరిపోవడం చూస్తుంటే ఇప్పుడు మాకు భయంగా ఉంది. ఆ సహోదరుడి ఇంటికి ఈ వారమే వెళ్ళివచ్చాము.

"చెప్పి ఉద్యోగం పోతే అన్నం మీరు పెడతారా?" అని కాంట్రాక్టు మీద కరెంటు పనిచేసే ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఒకరి ప్రాణం, కూలి, పరువు మన మౌనం మీద ఆధారపడి ఉంటే పొద్దు గుంకకముందే చెప్పాలన్నది మా మాట. అలా చెప్పినందుకు పని పోయిన ఇంటికి, మళ్ళీ పని దొరికేదాకా బియ్యం సంఘం ఇవ్వాలని పెద్దల ముందు పెట్టాము. ఇంకా తేలలేదు. ఇద్దరు సరేనన్నారు, ముగ్గురు ఆలోచిద్దామన్నారు.

ఆ సహోదరి పెద్దబ్బాయి మందిరంలో ఇప్పుడు చివరి వరుసలో కూర్చుంటాడు, ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్ళిపోతాడు. అయిదో వంతు ఎంత కలిపినా ఆ అబ్బాయి విషయంలో మా లెక్క తీరలేదు. పోయిన నెల ఒక సాయంత్రం వచ్చి రిజిస్టరు చూపించమన్నాడు. తీసి ఇచ్చాము. సంవత్సరం చదువుకుని, కింద వాళ్ళ నాన్న చేసిన సంతకం మీద వేలు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఫోనులో ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.