మెరుగు పెడితే మెరుగౌతుందా?

తెలుగులో "మెరుగు" అన్న మాటకు రెండర్థాలున్నవి. ఒకటి కాంతి, రెండవది మేలు. ఈ రెండూ ఒకటే అనుకోవడం మనకు పట్టిన జాడ్యమని నా ఆరోపణ. మిత్రులు కోపగించుకోక చివరిదాకా చదవగలరు.

నేనుండేది బాటసింగారం. ఊరి పేరులోనే సింగారమున్నది గనుక నన్ను అలంకారద్వేషి అనడానికి వీల్లేదు. మెట్లకు స్టీలు రెయిలింగులు బిగించేవారు తిప్పే బఫింగు చక్రం మీద మాకు తెలిసిన ఒక పెద్దమనిషి కన్ను పడింది. లైసెన్సు గల తన స్టెయిన్‌లెస్ స్టీలు రివాల్వరును దసరా ఆయుధపూజకు దానిమీద అద్దంలా చేయిస్తానన్నారు. "స్టీలన్నాక మెరవాలి కదండీ, మాస్టారూ!" అన్నది వారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికే ఈ ఖండన.

ఈ లోహం పుట్టుకే తుపాకితో ముడిపడినది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ రైఫిలు గొట్టాల అరుగుదలకు విరుగుడు వెదుకుతూ తుప్పుపట్టని ఉక్కును చేరుకున్నాడు. దానిని కాపాడేది తళుకు కాదు, క్రోమియం. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే పైన కంటికి కానరాని పొర ఒకటి తనంతట తానే ఏర్పడుతుంది. ఇక ఆ మసక వన్నె తయారీదారు బద్ధకం వల్ల వచ్చినది కాదు. వెలుగు కళ్ళలో కొట్టి గురి చెదరకుండా, సన్నని గాజుపూసలను వేగంగా చిమ్మి కావాలని తెప్పించినది.

నునుపైన తలం మీద మురికి తక్కువగా నిలుస్తుందని ఎదుటివారు అనవచ్చు. నిజమే, ఒప్పుకుంటాను. మసకను మళ్ళీ తెప్పించవచ్చునన్నదీ నిజమే. కాని అరిగిన లోహాన్ని ఎవరు తెస్తారు? చేత్తో రుద్దేవాడికి వేళ్ళు నొప్పిపెడతాయి, మధ్యలో ఆగి చూసుకుంటాడు. చక్రానికి నొప్పి లేదు. క్షణంలో అంచులు గుండ్రబడతాయి, చదును పలకలు అలలు తిరుగుతాయి, చెక్కిన అక్షరాలు పలచబడతాయి. ఆ అక్షరాలలో ఆయుధపు సంఖ్య కూడా ఉన్నదని మరువరాదు. దానిని చెరపడం 1959 నాటి ఆయుధ చట్టం 8వ సెక్షను ప్రకారం నేరం. ఆయుధం మరమ్మతుకే లైసెన్సు అడిగే చట్టమది. రెయిలింగుల చక్రం దానికి తగిన చోటా? చేత్తోనే చేద్దామని మామూలు ఇనుప పీచుతో రుద్దేవారికీ ఒక మాట: అందులోని ఇనుప రజను స్టీలును అంటుకొని, తుప్పెరుగని దానికి తుప్పు మరకలు తెచ్చిపెడుతుంది.

ఉక్కు విషయంలో మనకు ఇంకొకరు పాఠం చెప్పనక్కరలేదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది తొలి పాదంలో హెన్రీ వాయ్‌సీ ఆ పనిని కళ్ళారా చూసి వ్రాసిపెట్టాడు. ఆంగ్లేయులు "వూట్జ్" అన్నది మన కన్నడ, తెలుగుల "ఉక్కు"నే. అటువంటి ఉక్కుతో చేసిన కత్తులకు నీటి అలలవంటి చారలే కీర్తి. అద్దంలా మెరుగుపెడితే ఆ చారలు మరుగౌతాయి. అవి లోపలినుండి వచ్చినవి గనుక ఆమ్లం పూసి మళ్ళీ తేల్చవచ్చు. మీద పొదిగిన బంగారమూ, చెక్కిన పేరూ అరిగిపోతే మాత్రం తేల్చే ఆమ్లమేదీ లేదు.

తాళపత్ర కావ్యానికి తనకు నచ్చిన పాఠం దిద్ది, అదే కవిహృదయమని అచ్చువేసే పరిష్కర్త చేసే పనీ ఇటువంటిదే. పద్యం నున్నబడుతుంది, కవి కనుమరుగౌతాడు.

ఆయుధాన్ని పూజించదలచినవారు తూటాలు తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి, పసుపూ కుంకుమా ప్రక్కన పళ్ళెంలో ఉంచుకొని నమస్కరించండి. చేసినవాడి చేతిగుర్తును చెరపకుండా ఉంచడమే నా దృష్టిలో అసలైన మెరుగు. కాదనేవారు కారణం చూపుతూ వ్యాఖ్య వ్రాయండి, వాదానికి సిద్ధంగానే ఉన్నాను.