కాన్పు ఆసుపత్రిలోనే.. మరి అంతకు ముందు తొమ్మిది నెలలు?

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి దగ్గర కాన్పు అన్న మాట ఇప్పుడు దాదాపు వినబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఫలితం కూడా కనిపిస్తోంది. 2018-20 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష జననాలకు 97 మంది తల్లులు చనిపోతే, తెలంగాణలో ఆ సంఖ్య 43, ఏపీలో 45.

అయితే అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా, అంటే దాదాపు 53 శాతం మందికి రక్తహీనత ఉంది. కనీసం నాలుగు చెకప్‌లు చేయించుకున్నవాళ్లు తెలంగాణలో 70 శాతం, ఏపీలో 67 శాతం. అంటే పది మందిలో ముగ్గురు ఆ నాలుగు కూడా పూర్తి చేయకుండానే కాన్పు గదికి వెళ్తున్నారు.

ఆసుపత్రికి చేరుకోవడం ఒకటి, సిద్ధంగా చేరుకోవడం ఇంకొకటి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. కాన్పులో రక్తం ఎక్కువగా పోతే అలాంటి తల్లి తట్టుకోలేదు. బిడ్డ తక్కువ బరువుతోనో, నెలలు నిండకుండానో పుట్టే ప్రమాదమూ పెరుగుతుంది. ఒంట్లో రక్తం ఒక్క రోజులో పెరగదు, దానికి నెలలు పడుతుంది. అందుకే ప్రభుత్వం 180 ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తోంది. కానీ దేశంలో వాటిని 180 రోజులు వాడినవాళ్లు 26 శాతమే.

కారణాలు ఇళ్లలోనే వినిపిస్తాయి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, బిడ్డ నల్లగా పుడుతుందని. బిడ్డ రంగుకీ మాత్రకీ సంబంధమే లేదు. వికారంగా ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. మాత్రకు ముందూ వెనకా గంటసేపు చాయ్ తాగకూడదు, తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

రెండో పొరపాటు, స్కానింగ్ అయిపోయింది కాబట్టి చెకప్ కూడా అయినట్టే అనుకోవడం. స్కానింగ్ బీపీ చూపించదు, మూత్రంలో ప్రొటీన్ చూపించదు. ఏడో నెల తర్వాత బీపీ చడీచప్పుడు లేకుండా పెరిగి తల్లికి ఫిట్స్ దాకా తీసుకెళ్లగలదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

సరిగ్గా ఆ ఏడో నెలలోనే తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్లడం మన దగ్గర ఆనవాయితీ. అక్కడి ఆశా కార్యకర్తకు ఆమె గురించి ఏమీ తెలియదు. కార్డు అత్తింట్లోనే ఉండిపోతే పాత బీపీ, బ్లడ్ గ్రూప్, వేసిన టీకాల వివరాలు అన్నీ అక్కడే ఆగిపోతాయి. బట్టల కంటే ముందు బ్యాగులో పెట్టాల్సింది ఆ కార్డు. వెళ్లిన వారంలోనే అక్కడి ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించాలి.

రంజాన్ వస్తే ఇంకో ప్రశ్న. తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉన్న గర్భిణి రోజాలు తర్వాత పెట్టుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉంది. షుగర్, బీపీ, రక్తహీనత ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా నిర్ణయం తీసుకోవద్దు.

ఖర్చు భయంతో ఆగాల్సిన పని లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, రవాణా ఉచితమని 2011 నుంచే కేంద్ర పథకం ఉంది. అయితే కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఒక చెకప్ అంటే ఒక రోజు కూలి పోయినట్టే. రెండు బస్సులు మారి వెళ్లాక డాక్టర్ లేరన్నా, పరీక్ష బయట చేయించుకోండి అన్నా ఆమె మళ్లీ రాదు. ఎంతమంది పేర్లు రాశాం అన్న లెక్కతో పాటు, ఎంతమందికి రక్తం పెరిగింది అన్న లెక్క కూడా అధికారులు చెప్పాలి.

ఇంట్లో వాళ్లు చేయగలిగింది ఇంకా తేలిక. గర్భం మొదటి 12 వారాల్లోపే పేరు రాయించడం, చెకప్ రోజున భర్తో అత్తగారో తోడు వెళ్లడం, వచ్చాక 'స్కానింగ్‌లో ఏం కనబడింది' అని మాత్రమే కాకుండా 'బీపీ ఎంత, రక్తం ఎంత' అని కూడా అడగడం.