కిర్రుమను మేడగది

మన పాత పట్టణపు వీథులలో చెక్కపలకల మేడగదులు నేటికిని కొన్ని మిగిలియున్నవి. అద్దె తక్కువ గనుక చదువుకొను పిల్లలు అట్టి గదులనే వెదకికొందురు. రాత్రివేళ ఒకడు మంచినీళ్లకై లేచిన చాలు, అడుగడుగునకు నేల కిర్రుమనును. క్రింద పడుకొన్న ముదుసలికి నిద్ర చెడును. మరునాడు వినవచ్చు ఉపాయములు రెండే: మేడ కూల్చి కాంక్రీటు కప్పు వేయుట, లేదా పలకలపై అంగుళము మందమున సిమెంటు పోయుట. మొదటిదానికి మేము సుముఖులము కాము; రెండవదానికి బొత్తిగా అంగీకరింపము.

లెక్క చూడుడు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిలో అంగుళము సిమెంటు పోసినచో దాని బరువు అర టన్నుకు మించును. తాతలనాటి దంతెలపై అంత బరువును శాశ్వతముగా మోపి, చప్పుడు పోయినదని సంతోషించుట ఏమి వివేకము? పైగా ఆ పూత క్రింద తేమ నిలిచి చెదలు పట్టినను పైనుండి కంటికి కానరాదు.

అసలు ఆ చప్పుడేమి? మన ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు. కలప ఎండకు కుదించుకొనును, తేమకు ఉబ్బును. ఏటేట ఇట్లు జరుగగా మేకు పట్టు సడలును. కాలు మోపినపుడు పలక దిగి, లేచి, మేకును రాచుకొనును. జపానులోని క్యోటో నగరమున, 1603లో వెలసిన నిజో కోటలో, నడవాల నేల పక్షి కూతవలె పలుకుననుట జగత్ప్రసిద్ధము. అక్కడను పలకల క్రింది ఇనుప కొక్కెములకును మేకులకును కలుగు రాపిడియే కారణము. దానిని యాత్రికులు టికెట్టు కొని వినుచున్నారు. మనము ఇల్లు కూల్చుచున్నాము!

కలపయే వలదనువారు చంద్రగిరి రాజమహలును సాక్ష్యముగా చూపుదురు. మూడంతస్తుల ఆ కట్టడమున రాయి, ఇటుక, సున్నము తప్ప కలప లేదన్నది నిజమే. కాని ఆ గోడల మందమెంత, మన గోడల మందమెంత? మన మట్టిగోడల యింటికి బరువు తక్కువైన చెక్కనేలయే తగినది.

చికిత్స కష్టమైనది కాదు. ఒకరు పైన నడువగా మరొకరు క్రిందనుండి దీపముతో చూడవలెను. పలకకును దంతెకును నడుమ సందు కనబడినచోట పలుచని కర్రచీలికను బంకతో మెల్లగా దూర్పవలెను. గట్టిగా కొట్టినచో పలక పైకి లేచును. సడలిన మేకులకు బదులు దంతెలోనికి దిగునట్లు మరమేకులు బిగింపవలెను. పలకకు పలక రాచుకొనుచోట బలపపు రాతిపొడి చల్లిన చాలును.

మేము భయపడునది చప్పుడు చేయు పలకకు కాదు, చప్పుడు చేయని దంతెకొనకు. గోడలో ఇమిడిన ఆ కొన తేమకు లోలోపల కుళ్లును. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతములను ముంచెత్తిన వానలలో ఎన్ని గోడలు నీరు త్రాగినవో తలచుకొనుడు. దబ్బనముతో గ్రుచ్చి చూడుడు. సులువుగా దిగినచో కలప చెడినట్లే. నేల ఊగినను, ఒకవైపు వాలినను, ఆ గదిలో ఎవరును పడుకొనరాదు. అద్దె ఎంత చౌకయైనను సరే. ఇంజనీరునకు చూపి, అవసరమైనచో పాత దంతె ప్రక్కన క్రొత్తది జోడించి బోల్టులతో బిగింపవలెను.

మరమ్మతు అను మాట అరబ్బీ మూలమై, ఉర్దూ ద్వారా మన తెలుగింటికి వచ్చినది. మాట మిగిలినది గాని పని తెలిసిన వడ్రంగులు తగ్గిపోవుచున్నారు. కళాశాల పాలకవర్గమువారు ఏడాదికొక దినము అట్టి వృద్ధ వడ్రంగి నొకరిని పిలిపించి, తగిన ప్రతిఫలమిచ్చి, భౌతికశాస్త్ర విద్యార్థులకు ఈ విద్య చూపింపవలెనని కోరుచున్నాము. మేడగదులలో నివసించు విద్యార్థులు మాత్రము అంతవరకు ఆగక, ఈ ఆదివారమే ఇంటివారి అనుమతితో దంతెల కొనలు చూచుకొందురు గాక.