ట్రైలర్ ప్రతాపాలు

మనవాళ్ళ విందుల్లో తరచు వినిపించే గొప్ప ఒకటుంది: "ట్రైలర్ తగిలించుకుని, పిల్లల్నెక్కించుకుని, ఎక్కడా ఆగకుండా వచ్చేశాం!" అది ధైర్యం కాదు, ఉత్త అదృష్టం అని మా వాదన.

మేమూ అలా బయల్దేరినవాళ్ళమే. అక్టోబరు చివర, కొత్త ఉద్యోగానికి పోతూ, వయోమింగులో 80వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద లారమీ దాటాం. ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలికి ట్రైలర్ ఊగింది. దానితో కారూ ఊగింది. బ్రేకు తొక్కబోయి మానుకుని, యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు కదలకుండా పట్టుకుని బతికాం. గ్రైండరూ, పుస్తకాల పెట్టెలూ ట్రైలర్‌లో వెనక కొసకి సర్దింది మేమే. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ముందు కొక్కెం మీద పడాలట. మందుని మిల్లీగ్రాముల్లో తూచే మనం ఆ బరువుని మాత్రం కంటి అంచనాకి వదిలేశాం!

"ఇంకా అక్టోబరే కదా" అంటారు. ఆ రోడ్డుని 1970 అక్టోబరులో తెరిచిన కొద్ది రోజులకే మంచుకి మూసేశారు. "సోమవారం డ్యూటీలో చేరాలి" అంటారు. ఒక్క ఫోను చేస్తే చేరేరోజు మారుతుంది. "మోటల్ ఖర్చు దండగ" అంటారు. మంచులో ఇరుక్కుని ఇంజను నడుపుతూ కూర్చుంటే, పొగగొట్టం పూడి కారులో కార్బన్ మోనాక్సైడు నిండుతుందని డాక్టర్లకి వేరే చెప్పాలా?

ఇకమీదట ఆ గొప్పలకి చప్పట్లు కొట్టకండి. "వాతావరణం బాగాలేదు, రెండ్రోజులు ఆగిపోయాం" అన్నవాళ్ళకి ముందు వడ్డించండి.