డీజిల్ లెక్క 6.84 శాతంతో తేలదు



2012 ఆధార సంవత్సరపు వినియోగదారుల ధరల సూచీలో ఇంధనం వాటా 6.84 శాతమే కాబట్టి డీజిల్ పెరిగినా కంగారు అక్కర్లేదన్న మీ పత్రికలో వచ్చిన గతవారం వ్యాసంతో నేను ఏకీభవించలేను. ఆ వాటా వంటగ్యాసు, కరెంటు, కిరోసిన్, కట్టెల వంటివాటిది. డీజిల్, పెట్రోలు రవాణా పద్దులో ఉన్నాయి. అదీ సొంత బండిలో పోయించుకున్నంత వరకే! లారీలో పోసే డీజిల్‌ను మనం బంకులో కొనం, కూరగాయల ధరలో కలిపి కడతాం. మదనపల్లె టమాటా హైదరాబాదు చేరాలంటే దుక్కి ట్రాక్టరు నుంచి లారీ దాకా అంతా డీజిలే. ఆహార, పానీయాలకు అదే సూచీలో 45.86 శాతం వాటా ఉండేది. డీజిల్ భారం ఆహార ధరల్లోకి వచ్చే ఆ దారిని వ్యాసకర్త చూడనే లేదు. పైగా డీజిల్ తగ్గినప్పుడు పెరిగిన లారీ కిరాయి అంత తేలిగ్గా దిగిరాదు. నెల జీతంతో ఇల్లు నడిపే మాకు అది బాగా తెలుసు.

– ఒక పాఠకురాలు, హైదరాబాదు