తాగుడు ఒక్కటే కారణమా?



"మంచోడే అయ్యగారూ, తాగితేనే కొడతాడు." మన జూలూరుపాడు చుట్టుపక్కల ఈ మాట విననివారు ఉండరు. ఇప్పసారా, గుడుంబా, బెల్టు షాపు... వీటి పాపం తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద, భర్త తరచూ తాగి వచ్చే ఇళ్లలో నూటికి 70 మంది స్త్రీలు హింస అనుభవించామన్నారు. భర్త తాగని ఇళ్లలో 23 మంది. ఆ రెండో అంకె చూడండి. మందు వాసనే లేని ఇంట్లో ఆ దెబ్బలు ఎక్కడివి?

తాగినవాడు దారిలో సర్పంచిని కొట్టడు. అప్పిచ్చిన షావుకారు ఎదురైతే తూలుతూనే దండం పెడతాడు. ఇల్లు చేరాకే చెయ్యి లేస్తుంది. ఎవరిని కొడితే అడిగేవారు లేరో మత్తులో కూడా అతనికి తెలుసు!

అదే సర్వేలో మన తెలంగాణ స్త్రీలలోనే నూటికి 83 మందికి పైగా, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు. వంట సరిగా లేదని, చెప్పకుండా బయటికెళ్లిందని, అత్తమామలను లెక్కచేయలేదని. దెబ్బలు తినేవారే సబబు అంటుంటే కొట్టేవాడికి అడ్డేముంది? తల్లి దెబ్బలు తింటుంటే మూలన నక్కి చూసిన కొడుకు మగతనమంటే అదే అనుకుంటాడు, కూతురు కాపురమంటే ఇంతే అనుకుంటుంది. పత్తి దెబ్బతిన్న ఏడు అప్పుల బాధ ఉంటుంది, నిజమే. ఆ అప్పు భార్యకూ ఉంది కదా, ఆమె ఎవరిని కొడుతోంది?

నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి స్త్రీలు సారా మీద తిరగబడితే ఆ ఉద్యమం పెరిగి 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో పోయింది. ప్రభుత్వం మూసిన షాపును ప్రభుత్వమే తెరవగలదు. మగవాడి మనసులోని ఆ హక్కును మాత్రం ఏ ప్రభుత్వమూ మూయించలేదు. అది మన పని.

ఎఫెసీ 5వ అధ్యాయం 22వ వచనం మన సహోదరులకు కంఠతా వచ్చు. 25 అడిగితే బైబిలు తిరగేస్తారు. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భార్యను ప్రేమించమన్నది అక్కడే. 1 పేతురు 3:7 ఇంకా కఠినం: భార్యను సన్మానించనివాని ప్రార్థనకే ఆటంకం. శనివారం రాత్రి చెయ్యి చేసుకుని ఆదివారం మైకు పట్టుకునే సహోదరుడు ఇది చదవాలి.

సంఘ పెద్దలకు ఒక మనవి. "ఓర్చుకో తల్లీ" అని సర్దిచెప్పి పంపే పంచాయితీ మానేద్దాం. 2005 నుంచి గృహహింస చట్టం ఉంది. సహోదరీ, 181కి ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు. చేసిన మరునాడు కూడా మందిరంలో మీ చోటు మీదే. కొట్టినవాడు మాత్రం ముందు పెద్దల ఎదుట కూర్చోవాలి.